విద్యుత్ వాహన చార్జింగ్ కేంద్రాల అన్వేషణ: సమాచార స్వరూపం - తెలుగు భాషావసరాలు

వ్యాససంగ్రహం:

విద్యుత్ వాహనదారునికి చార్జింగ్ కేంద్రం ఉండటం ఎంత ముఖ్యమో, దానిని సకాలంలో గుర్తించగలగడం అంతే ముఖ్యం. కేంద్రాల స్థాపనకు సంబంధించిన విధాన నేపథ్యాన్ని, ఒక కేంద్రాన్ని ఎంచుకోవడానికి అవసరమైన సాంకేతికాంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ సమాచారాన్ని తెలుగులో వెతికేటప్పుడు వర్ణక్రమం, గ్రామనామాలు, పరిభాష కలిగించే చిక్కులను హైదరాబాదు - విజయవాడ రహదారి ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ వాహనాలు, చార్జింగ్ కేంద్రాలు, పరిభాష, వర్ణక్రమం, గ్రామనామాలు.

1. ఉపోద్ఘాతం:

పెట్రోలు బంకు ఎక్కడుందో తెలుసుకోవడానికి తెలుగువారు ఏనాడూ ప్రత్యేకంగా చదువుకోవలసిన అవసరం రాలేదు. అది రోడ్డు పక్కన ఎత్తైన బోర్డుతో కనిపిస్తుంది, కనిపించకపోతే దారిన పోయేవారు చెబుతారు. చార్జింగ్ కేంద్రం అలా కాదు. హోటలు ఆవరణలో, వాణిజ్య సముదాయపు నేలమాళిగలో, కార్యాలయం వెనుక అది ఒదిగి ఉండవచ్చు. అందువల్ల దానిని కంటితో కాక ఫోనుతో వెతకవలసి వస్తున్నది. వెతకడం అక్షరాలతో జరిగే పని కనుక, ఇది సాంకేతిక సమస్యతో పాటు భాషా సమస్య కూడా అవుతున్నది.

2. విధాన నేపథ్యం:

చార్జింగ్ కేంద్రం విద్యుత్తును విక్రయించడం లేదు, ఒక సేవను అందిస్తున్నది అని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. దీనివల్ల 2003 నాటి విద్యుత్ చట్టం కింద లైసెన్సు లేకుండానే కేంద్రాన్ని నెలకొల్పే వీలు కలిగింది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన మార్గదర్శకాలు నగరాలలో 3 కి.మీ. × 3 కి.మీ. గడికి కనీసం ఒక కేంద్రం, రహదారులపై ప్రతి 25 కి.మీ.లకు ఇరువైపులా ఒక్కొక్క కేంద్రం ఉండాలని నిర్దేశించాయి. ఈ మార్గదర్శకాలు 2019, 2022, 2024 సంవత్సరాలలో సవరణలు పొందాయి. కేంద్రాల జాడ తెలిపేందుకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ రూపొందించిన ‘ఈవీ యాత్ర’ పోర్టల్‌ను 2022 డిసెంబరు 14న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించారు.

పై నిర్దేశంలో ‘ఇరువైపులా’ అన్న మాట గమనింపదగినది. మధ్యలో విభాజకం ఉన్న రహదారిపై అవతలి వైపు కేంద్రం పటంలో వంద మీటర్ల దూరంలోనే కనిపించినా, దానిని చేరడానికి మలుపు దొరికేదాకా ముందుకు వెళ్లి తిరిగి రావాలి. బ్యాటరీ అడుగంటిన వాహనానికి ఆ అదనపు దూరమే కీలకం. కాబట్టి దూరంతో పాటు దిశను కూడా చెప్పినప్పుడే ఆ సమాచారం సమగ్రమవుతుంది.

3. కేంద్రం ఎంపిక - సాంకేతికాంశాలు:

దగ్గరలో కేంద్రం ఉన్నంత మాత్రాన అది మన వాహనానికి పనికివస్తుందని చెప్పలేము. ముందుగా మూడు అంశాలను చూడాలి.

3.1. ప్లగ్గు రకం: మన దేశంలో నేటి కార్లలో ఎక్కువగా నెమ్మది చార్జింగ్‌కు టైప్-2, వేగవంతమైన చార్జింగ్‌కు సీసీఎస్-2 అమరికలు కనిపిస్తాయి. తొలిదశలో నెలకొల్పిన భారత్ డీసీ-001 యంత్రాల ప్లగ్గు వీటికి సరిపోదు. ద్విచక్ర వాహనాలలో తయారీదారును బట్టి ప్లగ్గు మారుతుంది.

3.2. విద్యుత్ప్రవాహ రకం: ఏకాంతర విద్యుత్తు (ఏసీ) ఇచ్చే చోట దానిని ఏకముఖ విద్యుత్తుగా (డీసీ) మార్చే పని వాహనంలోని పరికరమే చేస్తుంది. ఆ పరికరం సామర్థ్యం 3.3 కిలోవాట్లయితే, 7.4 కిలోవాట్ల కేంద్రానికి వెళ్లినా అందేది 3.3 కిలోవాట్లే. డీసీ కేంద్రంలో ఈ మార్పిడి బయటి యంత్రంలోనే జరుగుతుంది.

3.3. సామర్థ్యం - కాలం: విద్యుత్ బిల్లులోని ‘యూనిట్’ అంటే ఒక కిలోవాట్-గంట. 30 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి నింపాలంటే 18 యూనిట్లు కావాలి. నష్టాలను లెక్కించకపోతే ఇందుకు 3.3 కిలోవాట్ల వద్ద సుమారు ఐదున్నర గంటలు, 7.4 వద్ద దాదాపు రెండున్నర గంటలు, 30 వద్ద 36 నిమిషాలు పడుతుంది. ‘చార్జింగ్ కేంద్రం కలదు’ అన్న ఒకే వాక్యం ఈ మూడింటినీ సమానంగా సూచిస్తున్నది. కానీ కిరాయి మీద బతికే డ్రైవరుకు 36 నిమిషాలు టీ విరామం, ఐదున్నర గంటలు ఒక పూట సంపాదన.

4. తెలుగులో వెతకడం - చిక్కులు:

4.1. వర్ణక్రమం: ‘చార్జింగ్’, ‘ఛార్జింగ్’ అని రెండు రూపాలు అచ్చులో వాడుకలో ఉన్నాయి. స్టేషన్, స్టేషను అన్న భేదం కూడా కలిస్తే ఒకే కేంద్రానికి నాలుగు పేర్లు ఏర్పడతాయి. చదువరికి ఇవి ఒకటే. కానీ యూనికోడ్‌లో చ, ఛ వేర్వేరు సంకేతాలు. వీటిని సమానంగా చూసే ఏర్పాటు లేని చోట ఒక రూపంతో వెతికితే మరొక రూపంలో నమోదైన కేంద్రం కనబడదు.

4.2. గ్రామనామాలు: విజయవాడ రహదారిపై నందిగామ ఉంది. షాద్‌నగర్ సమీపంలో, రంగారెడ్డి జిల్లాలో మరొక నందిగామ ఉంది. జిల్లా పేరుతో ఈ సందిగ్ధత తీరాలి. అయితే జిల్లాలే మారాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట నల్లగొండ జిల్లా నుంచి విడివడింది. 2022 ఏప్రిల్ 4న నందిగామ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. కొన్ని చిరునామాలు పాత జిల్లాతో, కొన్ని కొత్త జిల్లాతో ఉంటే పేరు మీద ఆధారపడిన అన్వేషణ తప్పుదారి పట్టవచ్చు.

4.3. పరిభాష: భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో చార్జికి ‘ఆవేశం’ అన్నది సమానార్థకం. లోకవ్యవహారంలో ఆ మాటకు ఉద్రేకమన్న అర్థమే బలంగా ఉంది. అందుచేత ‘ఆవేశ కేంద్రం’ వంటి కల్పన శాస్త్రీయమే అయినా వ్యవహారయోగ్యం కాదు. బంకు వలెనే చార్జింగ్ కూడా తెలుగులో ఇమిడిపోయిన మాట. ఇక్కడ అనువాదం కంటే వర్ణక్రమ స్థిరీకరణ అత్యవసరం.

5. ప్రతిపాదన:

తెలుగులో ప్రతి కేంద్రానికీ ఆరు వివరాలు ఒకే క్రమంలో ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అవి: (1) ఊరు, మండలం, ప్రస్తుత జిల్లా, (2) రహదారిపై ఏ ఊరి వైపు వెళ్లేవారికి అందుబాటులో ఉన్నది, (3) గుడి, బస్టాండు వంటి స్థానికమైన ఆనవాలు, (4) ప్లగ్గు రకం, కిలోవాట్లు, (5) పనివేళలు, చెల్లింపు పద్ధతి, (6) చివరిసారి పనిచేస్తున్నట్లు నిర్ధారించిన తేదీ. వీటిలో చివరిది తరచుగా ఉపేక్షకు గురవుతుంది. చెడిపోయిన యంత్రాన్ని పటం మీద ఉన్నట్లు చూపడం, లేదని చెప్పడం కంటే హానికరం. లేదని తెలిసినవాడు బయలుదేరే ముందే మరో దారి చూసుకుంటాడు.

6. ముగింపు:

చార్జింగ్ కేంద్రాల సంఖ్యను పెంచడం ప్రభుత్వాల, పరిశ్రమల బాధ్యత. వాటి సమాచారాన్ని తెలుగు చదవగలిగిన ప్రతి వాహనదారునికీ అందేలా తీర్చడంలో భాషాశాఖలకు కూడా పాత్ర ఉంది. వర్ణక్రమ భేదాల పట్టికలు, సమాన గ్రామనామాల సూచికలు విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధనాంశాలు. గ్రామనామ పరిశోధన మనకు కొత్త కాదు. ఇంతవరకు చరిత్రను, సంస్కృతిని తెలుసుకోవడానికి తోడ్పడిన ఆ జ్ఞానం, దారిలో ఆగిపోబోయే బండిని గమ్యం చేర్చడానికి కూడా ఉపకరిస్తుంది.