మొరాయించే చిలుకను వైద్యుని దగ్గరకు చేర్చడం ఎలా?

జంషెడ్‌పూర్‌లోని కదమా, సోనారీ, టెల్కో ప్రాంతాల్లో పెంపుడు చిలుక ఉన్న ఇళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. చిలుక రెండు రోజులుగా మేత ముట్టదు. ఈకలు ఉబ్బించుకుని పంజరంలో ఒక మూల కూర్చుంటుంది. పశువైద్యునికి చూపించాలని ఇంట్లో నిర్ణయిస్తారు. ఒకరు పంజరం తలుపు తీసి చేయి లోపల పెడతారు. చిలుక అరుస్తుంది, కరుస్తుంది, సందు దొరికితే ఎగిరి కర్టెన్ కడ్డీ మీద వాలుతుంది. ఇంకొకరు దుప్పటి తెస్తారు, మరొకరు చీపురు అందుకుంటారు. పావుగంట తరిమిన తర్వాత ఎలాగో చేతికి చిక్కుతుంది. మళ్లీ జారిపోకుండా రొమ్ము చుట్టూ పిడికిలి బిగిస్తారు. వైద్యుని బల్ల మీదికి చేరేసరికి పక్షి నోరు తెరిచి రొప్పుతూ ఉంటుంది. కొన్ని పక్షులు అక్కడిదాకా చేరవు.

ముదిరిన రోగమే దాని ప్రాణం తీసిందని ఇంటివారు అనుకుంటారు. అది కొంతవరకు నిజం కావచ్చు. అయితే జబ్బుతో నీరసించిన పక్షికి ఆ పావుగంట పరుగు, ఆ పిడికిలి బిగింపు రోగం కంటే పెద్ద ముప్పు. వైద్యుని దగ్గరకు చేసే ప్రయాణంలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇల్లు దాటకముందే జరిగిపోతుంది.

పక్షి ఊపిరి తీసే తీరు తెలిస్తే దీనికి కారణం బోధపడుతుంది. మనిషికి రొమ్మును, పొట్టను వేరుచేస్తూ డయాఫ్రం అనే కండరపు పొర ఉంటుంది. దాని కదలికతో ఊపిరితిత్తులు నిండుతాయి. పక్షికి అటువంటి పొర లేదు. దాని ఊపిరితిత్తులు వాటంతట అవి పెద్దగా వ్యాకోచించవు. శరీరమంతటా వ్యాపించిన పలుచని గాలి సంచులు కొలిమితిత్తుల్లా పనిచేస్తూ వాటిగుండా గాలిని నడిపిస్తాయి. ఆ సంచులు నిండాలంటే రొమ్ము ఎముక కిందికీ పైకీ స్వేచ్ఛగా కదలాలి. రొమ్ము చుట్టూ పిడికిలి బిగిస్తే ముక్కు, నోరు తెరిచే ఉన్నా గాలి లోపలికి పోదు. పట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియదు. పక్షి శాంతించిందని అనుకుంటాడు. నిజానికి దానికి ఊపిరి ఆడటం లేదు.

రెండో ముప్పు వేడి. చిలుక శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. దానికి చెమట పట్టదు. రొప్పడం ద్వారా, రెక్కలను ఒంటికి ఎడంగా పట్టడం ద్వారా ప్రధానంగా వేడిని వదులుకుంటుంది. భయంతో పెనుగులాడిన పక్షిని మందపాటి దుప్పటిలో చుడితే ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ ఎండలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఏ చిలుక అన్నది ముందు ప్రశ్న

పట్టుకునే పద్ధతికి పోయే ముందు చట్టం మాట ఒకటి ఉంది. మెడ చుట్టూ గులాబిరంగు పట్టీ ఉండే మామూలు రామచిలుక, భుజం మీద ఎర్రని మచ్చ ఉండే పెద్ద రామచిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాతులు. 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ప్రకారం ఇవి రెండో షెడ్యూలులో ఉన్నాయి. వీటిని పట్టడం, కొనడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తరతరాలుగా ఇళ్లలో పెంచుతున్నారన్నది చట్టం ముందు నిలిచే వాదన కాదు.

ఈ భయంతోనే కొందరు జబ్బుపడిన రామచిలుకను ఎవరికీ చూపించరు. మరికొందరు ఒక ఉదయాన పంజరం తలుపు తీసి డాబా మీద నుంచి వదిలేస్తారు. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఇంట్లో పెరిగిన చిలుకకు మేత వెతుక్కోవడం రాదు, డేగను గుర్తించడం తెలియదు. దానిని వదలడమంటే చావుకు అప్పగించడమే. సరైన దారి స్థానిక అటవీశాఖ కార్యాలయానికి తెలియజేసి పక్షిని అప్పగించడం. గాలివానకు గూటి నుంచి పడిన పిల్ల దొరికినా సరే, 48 గంటల్లోగా అటవీశాఖకు గానీ సమీప పోలీసు స్టేషన్‌కు గానీ తెలపాలని చట్టం చెబుతోంది. అప్పగించడానికి తీసుకుపోయేటప్పుడు కూడా కింద చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

విదేశీ జాతుల సంగతి వేరు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటివి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం పరిధిలోకి వస్తాయి. వీటిని పెంచేవారు కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ప్రయాణంలో ఆ పత్రం నకలు వెంట ఉంచుకోవాలి. బజారులో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీలు, కాకాటీల్‌లు ఆ ఒప్పందం జాబితాలో లేవు.

కరిచే ముక్కు, పరీక్షించే ముక్కు

చిలుక మొండిది అనడం సులువు. అయితే ప్రకృతిలో అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే పక్షి. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం అందుకే. పైనుంచి వేగంగా దిగే చేయి దాని కంటికి డేగ కాలిలాంటిదే. ముందు పక్కకు జరుగుతుంది, ఈకలు ఒంటికి బిగించుకుంటుంది, కంటిపాప చిన్నదీ పెద్దదీ చేస్తుంది. ఇవేవీ మనిషి పట్టించుకోకపోతే చివరకు కరుస్తుంది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. కొమ్మ మీద కాలు పెట్టే ముందు చిలుక దానిని ముక్కుతో పట్టి చూస్తుంది. ఆ కొమ్మ బరువు ఆపుతుందా లేదా అన్న పరీక్ష అది. మనిషి వేలు అందించినప్పుడూ అదే చేస్తుంది. కరవబోతోందనుకుని వేలు వెనక్కి లాగేసుకుంటే, ఈ కొమ్మను నమ్మరాదని పక్షి నేర్చుకుంటుంది. నాలుగుసార్లు అలా జరిగితే నిజంగానే కరవడం మొదలుపెడుతుంది. వేలు కదలకుండా నిలిపి ఉంచడం ఒక్కటే కొన్ని పక్షుల తీరును మార్చగలదు.

అందువల్ల ప్రయాణానికి సన్నాహం ప్రయాణం రోజున మొదలు కాకూడదు. గట్టి ప్లాస్టిక్ పెట్టె గానీ చిన్న పంజరం గానీ ముందే కొని, చిలుకకు కనబడే దూరంలో పెట్టాలి. పక్షి దానిని చూసి బెదరకుండా మేత తింటే, మరునాడు జానెడు దగ్గరకు జరపాలి. ఆ తర్వాత దాని తలుపు తీసి గుమ్మంలో ఇష్టమైన తినుబండారం ఉంచాలి. జామముక్క కావచ్చు, పొద్దుతిరుగుడు గింజ కావచ్చు, పచ్చిమిరప అయినా కావచ్చు. మిరపలోని మంట పుట్టించే పదార్థం పక్షుల నాలుకకు సోకదు కనుక చిలుక దానిని హాయిగా తింటుంది. క్రమంగా ఆ ముక్కను లోపలికి, ఇంకా లోపలికి జరుపుతూ పోవాలి. పక్షి తానై లోపలికి వెళ్లి తినడం అలవాటయ్యాక తలుపు ఒక్క క్షణం మూసి తెరవాలి. తర్వాత అరనిమిషం, ఆపైన పెట్టెను ఎత్తి గదిలో నాలుగడుగులు, ఒకరోజు వీధి చివరిదాకా. ఏ మెట్టు దగ్గర బెదిరినా అంతకుముందు మెట్టుకు రావాలి. రోజుకు రెండుసార్లు, మేత వేసే ముందు, ఐదేసి నిమిషాలు చాలు. కొన్ని చిలుకలకు వారం పడుతుంది, కొన్నిటికి రెండు నెలలు.

శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లను ముక్కుతో తాకితే గింజ ఇచ్చే అలవాటు చేస్తే పని మరింత తేలికవుతుంది. పుల్ల ఎటు పోతే చిలుక అటు నడుస్తుంది, పెట్టెలోకి కూడా.

వ్యవధి లేనప్పుడు

రక్తం కారుతున్నా, ఊపిరి అందకపోయినా నెలల తర్ఫీదు కుదరదు. పట్టుకోక తప్పదు. ముందుగా సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఇళ్లలో చిలుకలకు జరిగే ఘోర ప్రమాదాల్లో తిరుగుతున్న ఫ్యానుకు తగలడం ఒకటి. కిటికీలు, తలుపులు మూయాలి. వంటగదిలో పొయ్యి వెలుగుతుంటే ఆర్పాలి. పిల్లలను బయటకు పంపాలి. పంజరంలోని గిన్నెలు, ఊయల తీసివేసి, చివరగా గదిలో వెలుతురు తగ్గించాలి. మసక చీకటిలో చిలుక ఎగరడానికి జంకుతుంది.

పట్టే మనిషి ఒక్కరే ఉండాలి. పలుచని నూలు తువ్వాలును చేతులకు పరుచుకుని, మెల్లగా మాట్లాడుతూ, పక్షి వీపు మీదుగా కప్పాలి. తువ్వాలు మీది నుంచే బొటనవేలు, మధ్యవేలు దవడకు చెరొక పక్క ఆనించి, చూపుడువేలు తల మీద ఉంచాలి. అప్పుడు ముక్కు తిరగదు, కరవలేదు. రెండో చేయి కాళ్లకు, ఒంటికి కింది నుంచి ఆసరా ఇవ్వాలి. రెక్కలు తన్నుకోనంత వరకే తువ్వాలు చుట్టాలి, రొమ్ము మీద ఎటువంటి ఒత్తిడీ ఉండకూడదు. తోలు చేతిగ్లవ్స్ వాడరాదు. ఎంత గట్టిగా నొక్కుతున్నదీ వాటి లోపలి వేళ్లకు తెలియదు.

రెండు మూడు నిమిషాల్లో చిక్కకపోతే, లేదా నోరు తెరిచి రొప్పుతూ ఊపిరితోపాటు తోక పైకీ కిందికీ ఊగుతుంటే ఆపివేయాలి. పక్షి స్థిమితపడే దాకా అందరూ గది వదిలి వెళ్లడమే మేలు. అప్పటికీ కుదరకపోతే మొత్తం పంజరాన్ని గుడ్డతో కప్పి వైద్యుని దగ్గరకు తీసుకుపోవచ్చు. కరిచినప్పుడు చేయి విదిలిస్తే పక్షి గోడకు తగిలి గాయపడుతుంది. చేతిని దాని ముక్కు వైపే కొద్దిగా నెడితే పట్టు వదులుతుంది. గాయాన్ని సబ్బు నీటితో కడుక్కోవాలి. కొత్తగా మొలుస్తున్న ఈకలో రక్తం ఉంటుంది. పెనుగులాటలో అది విరిగి రక్తం కారితే మొక్కజొన్న పిండి అద్ది మెల్లగా ఒత్తి ఉంచాలి.

మనుషుల నిద్రమాత్రలు, జలుబు మందులు ఇచ్చి చిలుకను మగతలో పడవేయాలని చూడటం ప్రాణాంతకం. అవసరమైతే మత్తు ఇవ్వడం వైద్యుని పని. రెక్కలు కత్తిరిస్తే సమస్య తీరుతుందన్న భావన కూడా సరికాదు. ఎగరలేని చిలుక బెదిరి దూకినప్పుడు రాయిలా నేల మీద పడి రొమ్ము పగులుతుంది.

దారిలో

బయలుదేరే ముందు ఫోన్ చేసి పక్షులను చూస్తారో లేదో కనుక్కోవాలి, ఎందుకంటే అందరు పశువైద్యులూ చూడరు. రాంచీ శివారు కాంకేలో పశువైద్య కళాశాల ఉంది గానీ అది జంషెడ్‌పూర్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరం. వేసవిలో తెల్లవారుజామున బయలుదేరితేనే ఆ ప్రయాణం పక్షికి భరించదగినది. వైద్యునికి ఉపయోగపడేది మరొకటి ఉంది. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని రెట్టతో సహా మడిచి తీసుకుపోవాలి. శుభ్రం చేసి వెళ్లాలన్న మర్యాద ఇక్కడ పనికిరాదు.

పెట్టె చిలుక తిరగగలిగినంత ఉండాలి, రెక్కలు చాచి కొట్టుకునేంత పెద్దది కాకూడదు. అడుగున తువ్వాలు పరిస్తే కాళ్లు జారవు. నీళ్ల గిన్నె ఒలికి పక్షి తడిసిపోతుంది కనుక దానికి బదులు కీరదోస ముక్క పెట్టాలి. మూడు పక్కలా పలుచని గుడ్డ కప్పి, ఒక పక్క గాలికి వదలాలి. కారులో ముందు సీటు వెనుక, కింద పెట్టడం మంచిది. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. అద్దాలు మూసి నిలిపిన కారులో పక్షిని ఐదు నిమిషాలు కూడా వదలరాదు. మందుల దుకాణానికి దిగినా పెట్టె వెంట రావాలి. స్కూటర్ హ్యాండిల్‌కు పంజరం తగిలించుకుని పోవడం ఈ నగరంలో కనబడుతూనే ఉంటుంది. ప్రతి గతుకుకూ ఆ పక్షి కడ్డీలకు కొట్టుకుంటుంది. ఆటోలో ఒడిలో పెట్టుకోవడం అంతకంటే ఎంతో నయం.

సెలవులకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు రైలులో వెళ్లే తెలుగు కుటుంబాలు చిలుకను వెంట తీసుకుపోవాలా అని తర్జనభర్జన పడుతుంటాయి. వైద్యం కోసం కాని ప్రయాణం చిలుకకు అవసరం లేదు. పొరుగువారికి మేత, నీళ్ల బాధ్యత అప్పగించడమే ఉత్తమం. బదిలీ మీద వెళ్లేవారు మాత్రం ముందుగానే టాటానగర్ స్టేషన్ పార్సిల్ కార్యాలయంలో నిబంధనలు అడిగి తెలుసుకోవాలి.

ఇల్లు చేరాక చిలుకను చేత్తో బయటకు లాగకూడదు. రెండు తలుపులూ తెరిచి పెట్టెను పంజరానికి ఆనించి, లోపల మేత పెట్టి అవతలికి వెళ్లిపోవాలి. తనకు వీలైనప్పుడు అదే దాటుతుంది. ఆ రోజు ఇంకెవరూ దానిని తాకకూడదు. పెట్టెను కడిగి, ఆరబెట్టి, అటక ఎక్కించకుండా మళ్లీ చిలుకకు కనబడే చోటనే ఉంచాలి. వారానికి ఒకటి రెండుసార్లు ఒక జామముక్క అందులో పెడుతూ ఉండాలి.