ఒంటరిగా దోనె మీద వెళ్ళేవారి కుటుంబానికి

కొల్లేటి లంకల్లో, గోదావరి పాయల వెంట, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళలో తెల్లవారకముందే ఒక్కరే దోనెలోనో చిన్న పడవలోనో వేటకు వెళ్ళి, తిరిగి ఇంటికి చేరేవారు ఉన్నారు. కయాక్ అనే చిన్న పడవలో సరదాగా వెళ్ళేవారూ ఉన్నారు. ఇద్దరు వెళ్ళినప్పుడు ఒకరికి కళ్ళు తిరిగితే రెండవవారు పట్టుకుంటారు. ఒక్కరే వెళ్ళినప్పుడు ఆ రెండవ మనిషి ఒడ్డున ఉన్న మీరే.

తిరుగు ప్రయాణంలోనే ప్రమాదం ఎందుకు?

ఎండ ఎక్కేకొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. అందువలన మధ్యాహ్నానికి సముద్రం వైపు నుండి గాలి జోరు అవుతుంది. ఉదయం నిలకడగా ఉన్న నీటిలో అలలు లేస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న పాయల్లో సుమారు ఆరు గంటలకొకసారి పోటు, పాటు మారి నీరు ఎదురు తిరుగుతుంది. వెళ్ళేటప్పుడు గాలివాటున సులువుగా సాగిన పడవను, అలసిన చేతులతో ఎదురుగాలికి నడపవలసి వస్తుంది. కాబట్టి ముందు ఎదురుగా వెళ్ళి, వాలుకు తిరిగి రావడం మేలు. బలం సగం మిగిలి ఉండగానే వెనుకకు తిరగాలి.

ఎవరు ఒంటరిగా వెళ్ళకూడదు?

• మూర్ఛ (ఫిట్స్) ఉన్నవారు. మోకాలి లోతు నీటిలో కూడా ప్రాణం పోవచ్చు. మాత్రలు వాడుతున్నా డాక్టరును అడగనిదే పంపవద్దు.
• గుండె జబ్బుతో చికిత్స పొంది ఇటీవల ఇంటికి వచ్చినవారు.
• ఇన్సులిన్ తీసుకునేవారు. ఆహారం ఆలస్యమైతే చక్కెర పడిపోయి వణుకు, చెమట, తికమక వస్తాయి. తోడు ఉన్నా జేబులో పంచదార పొట్లం ఉండాలి.
• మత్తు కలిగించే మాత్రలు వేసుకున్నవారు, కల్లు, సారా తాగినవారు.

మీరు చేయవలసినవి

బయలుదేరేవారిని "ఎక్కడికి?" అని అడగడం అపశకునమని కొందరు ఊరుకుంటారు. అయితే ముందు రోజు రాత్రి అన్నం దగ్గరే అడగండి: ఏ వైపు వెళ్తారు, ఎన్ని గంటలకు వస్తారు? లైఫ్ జాకెట్ పడవలో పెట్టడం కాదు, ఒంటికి కట్టుకోవాలి. తాగే నీరు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన సెల్‌ఫోను ఇచ్చి పంపండి. చెప్పిన వేళ దాటితే చీకటి పడేదాకా ఎదురుచూడకండి. తోటి పడవల వారికి చెప్పండి, 112కు ఫోను చేయండి.

నీటిలో మునిగినవారిని బయటకు తీసినప్పుడు

తలక్రిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, కడుపు నొక్కడం చేయకూడదు. ఇందువలన విలువైన సమయం పోతుంది. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస లేకపోతే గట్టి నేల మీద వెల్లకిల పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ముందుగా నోటి ద్వారా ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, త్వరగా నొక్కి, రెండుసార్లు ఊపిరి ఊదుతూ, 108 వాహనం వచ్చేవరకు కొనసాగించండి. తేరుకుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత కూడా ఊపిరి ఇబ్బంది రావచ్చు.

"నేను చిన్నప్పటినుంచీ ఈ నీళ్ళల్లోనే ఉన్నాను" అని మీవారు అనవచ్చు. నీరు వారికి కొత్త కాదు, నిజమే. ఒంట్లోని జబ్బు మాత్రం కొత్తది. నెమ్మదిగా ఆ సంగతి చెప్పి, కొంతకాలం తోడుతో పంపండి.