నైఫ్‌ల ‘కె’ సప్పుడు ఎటు వోయింది?

వర్డిల్ ఆట మీలో చానామంది ఫోన్లల్ల ఆడుతనే ఉంటరు. ఐదక్షరాల ఇంగ్లిష్ మాటను ఆరు సార్లల్ల పట్టాలె. 2021ల జోష్ వార్డిల్ అనేటాయన దాన్ని జనంలకు తెచ్చిండు, 2022 జనవరిల న్యూయార్క్ టైమ్స్ కొనుక్కున్నది. గీ ఆటల నన్ను మస్తు తిప్పలు పెట్టేటియి ‘కె, ఎన్’ రెండక్షరాలతోని మొదలయ్యే మాటలు. రాతల కె ఉంటది, పలుకుల ఉండదు. ముందుగాల గా మాటలు, వాటి అర్థాలు చూద్దాం. అన్నీ ఐదక్షరాలయే.

నైఫ్ (కె-ఎన్-ఐ-ఎఫ్-ఇ): కత్తి.
నాక్ (కె-ఎన్-ఓ-సి-కె): తలుపు కొట్టుడు.
నీల్ (కె-ఎన్-ఇ-ఇ-ఎల్): మోకాళ్ల మీద వంగుడు.
నీడ్ (కె-ఎన్-ఇ-ఎ-డి): పిండి పిసుకుడు.
న్యాక్ (కె-ఎన్-ఎ-సి-కె): ఒడుపు.
నోల్ (కె-ఎన్-ఓ-ఎల్-ఎల్): చిన్న గుట్ట.
నెల్ (కె-ఎన్-ఇ-ఎల్-ఎల్): చావు కబురు చెప్పే గంట సప్పుడు.
నోన్ (కె-ఎన్-ఓ-డబ్ల్యూ-ఎన్): తెలిసినది.
నేవ్ (కె-ఎన్-ఎ-వి-ఇ): దగుల్బాజీ.

ఇగ అసలు ముచ్చట. ఊరి బడిల సదివిన పోరడు నైఫ్‌ను ‘క్నైఫ్’ అని సదివితే క్లాసంతా పక్కున నవ్వుతది. గా ఒక్క నవ్వుకు మళ్ల నోరు తెరవని పిల్లలు ఎంతమందో. ఇంటర్వ్యూల నాలుగు ముక్కలు మాట్లాడుమంటే సెమటలు వడ్తయి. గానీ ఆ పోరడు చేసిన తప్పేంది? తెలుగుల ఏం రాస్తే అదే సదువుతం. వాడు కూడా రాసింది రాసినట్టు సదివిండు.

ఇంకో మాట చెప్త, ఇనుండ్రి. వెయ్యేండ్ల కింద ఇంగ్లండ్‌ల వాళ్లు కత్తిని ‘క్నీఫ్’ అనే అన్నరు. తలుపు కొట్టుడును ‘క్నొకియన్’ అన్నరు. అప్పట్ల కె బదులు సి రాసేటోళ్లు, సప్పుడు మాత్రం గట్టిగనే పలికేటోళ్లు. అంటే మన పోరని నోట్లెకెళ్లి వచ్చింది ఇంగ్లిషోళ్ల తాతముత్తాతల పలుకే.

మరి ఆ సప్పుడు ఎందుకు వోయింది? 1476ల విలియం కాక్స్‌టన్ అనేటాయన లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌ల అచ్చు మిషన్ పెట్టిండు. పుస్తకాలు అచ్చయినకొద్దీ మాటల రాత గట్టిపడుకుంట వచ్చింది. నోరు మాత్రం ఆగలే. 1600 తర్వాత మెల్లమెల్లగ ఎన్ ముంగట ఉన్న కె జారిపోయింది. 1755ల శామ్యూల్ జాన్సన్ పెద్ద నిఘంటువు తెచ్చేనాటికి పలుకుల కె లేదు, రాతల మాత్రం అట్లనే ఉంచిండు. ఇయ్యాల్టికీ గదే నడుస్తున్నది.

ఇంగ్లిష్‌కు సుట్టమైన జర్మన్ భాషల ఆ సప్పుడు ఇంకా బతికే ఉన్నది. వాళ్లు మోకాలును ‘క్నీ’ అంటరు, పిండి పిసుకుడును ‘క్నేటెన్’ అంటరు. మన పిల్లలు చానామంది సదువుకు జర్మనీ పోతున్నరు గద, అక్కడ కె మింగితేనే తప్పు!

మన తెలుగుల గూడ గిట్లాంటిది జరిగింది. పాత పుస్తకాలల్ల ‘గుఱ్ఱము’ అని బండిరతోని ఉంటది. ‘వాఁడు’ అని అరసున్నతోని ఉంటది. ఒకప్పుడు వాటికి వేరే సప్పుడు ఉండె. పలుకు మారినంక మనం రాతను గూడ మార్చుకున్నం. ఇంగ్లిషోళ్లు మార్చుకోలే. తేడా గంతే.

నేవ్ అనే మాట కథ ఇంకా సూడాలె. మొదట్ల దాని అర్థం ఉత్త ‘పిలగాడు’. జర్మన్‌ల ఇప్పటికీ పిలగాన్ని ‘క్నాబె’ అంటరు. తర్వాత పనికి కుదిరిన పిలగాడయిండు, ఆఖరికి దగుల్బాజీ అయిండు. పనోని పేరును తిట్టు చేసింది ఎవరు? మీదున్నోళ్లే. మాటకు విలువ కట్టేటిది అక్షరాలు కాదు, అధికారం.

ఇప్పుడు క్నైఫ్ అనే అనుండ్రి అని నేను చెప్తలేను. ఇయ్యాల నైఫ్ అంటేనే నడుస్తది, అట్లనే నేర్సుకోవాలె. రాసేటప్పుడు మాత్రం కె మర్వద్దు. కె తీసేస్తే పిండి పిసికే ‘నీడ్’ను, అవసరం అనే ‘నీడ్’ను కండ్లు ఎట్ల గుర్తు వడ్తయి? ఇంకోటి యాది పెట్టుకోండ్రి. ‘నాలెడ్జ్’ల కె పలుకదు, ‘అక్నాలెడ్జ్’ల పలుకుతది. ఆఫీసుల దరఖాస్తు పెట్టినంక ఇచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కాయితం అడిగేటప్పుడు పనికొస్తది.

కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినం చేసుకున్నం. యాసను సూసి నవ్వితే ఎంత మండుతదో మనకు ఎరుకే. అందుకే ఊరి పోరడు రేపు ఇంగ్లిష్ మాటను రాసినట్టే సదివితే నవ్వకుండ్రి. పక్కన కూసోబెట్టుకొని గా కె కథ చెప్పుండ్రి. పలుకు ఒక్క పూటల దిద్దుకోవచ్చు. పోయిన ధైర్యం మాత్రం అంత జల్ది రాదు.