డప్పు దెబ్బకు లెక్క కట్టుకుందాం

పెళ్లి కుదిరిన ఇంట్లో ఫోటోలు తీసేవాడికి ఎంతియ్యాలో ముందే మాట్లాడుకుంటారు. వంటవాళ్లకు, టెంటువాళ్లకు, డీజే పెట్టెలవాడికి బయానా ఇచ్చి తేదీ ఖాయం చేసుకుంటారు. డప్పు దళం దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. "మీరు మనోళ్లే గదరా, వచ్చి కొట్టుండ్రి, తర్వాత చూసుకుందాం" అంటారు. ఆ 'తర్వాత' అర్ధరాత్రి దాటినంక, ఊరేగింపు అయిపోయినంక వస్తుంది. అప్పటికి బేరమాడే శక్తి కొట్టినవాడికి ఉండదు. ఇచ్చేవాడికి అవసరమూ ఉండదు.

మా తాత, మా నాయన డప్పు కొట్టినవాళ్లు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. చిన్నప్పుడు నాయనను "ఇయ్యాల ఎంతిస్తరు?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఎంతిస్తే అంత." ఆ రెండు మాటల్లో ఎంత చరిత్ర ఉందో చదువుకున్నాక గానీ మాకు అర్థం కాలేదు. డప్పును కళ అంటున్నాం, ఆత్మగౌరవ పతాక అంటున్నాం. ఈడుముడిలో 1994లో మొదలైన మాదిగల ఉద్యమం దండోరా పేరుతోనే జనంలోకి వెళ్లింది. కానీ డప్పు కొట్టే మనిషి కూలి సంగతి మాత్రం ఇంకా "ఎంతిస్తే అంత" దగ్గరే చాలాచోట్ల ఆగిపోయింది. అందుకే ఈ వ్యాసంలో రేటు గురించి మాట్లాడదలిచాం. రేటు ఎట్లా కట్టాలి, ఎట్లా అడగాలి, ఎవరిని ముందు అడగాలి అన్నదే విషయం.

ఇనాం అనే మాట వెనక

ఊళ్లో డప్పుకిచ్చేదాన్ని ఏమేమి పేర్లతో పిలుస్తారో చూడండి. ఇనాం, బక్షీసు, మామూలు, కల్లం కాడ మేర. పురోహితుడికిచ్చేది సంభావన. సభలో మాట్లాడినవాడికిచ్చేది పారితోషికం. పేరు మారితే హక్కు మారుతుంది. ఇనాం ఇచ్చేవాడి ఇష్టం. కూలి చేసినవాడి హక్కు. ఇనాం తక్కువైందని కోర్టుకు పోలేం, కూలి తక్కువైతే పోవచ్చు.

మేర పద్ధతిలో ఇంకో మోసం ఉంది. ఏడాదికొకసారి కల్లంలో కొన్ని గింజలు కొలిచిపోస్తే ఏడాది పొడుగునా చావుకు, జాతరకు, చాటింపుకు పిలిచే అధికారం వచ్చేస్తుంది. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎంతమంది అన్న లెక్క ఉండదు. ఇది మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. మహారాష్ట్రలో మహర్లకు వతన్ పేరుతో కొంత భూమి, బలుతా పేరుతో గింజలు ఇచ్చి పగలూ రాత్రీ అన్న తేడా లేకుండా పని చేయించుకున్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ఈ వతన్ పద్ధతి మీద బిల్లు పెట్టారు. పనికి హద్దు ఉండాలి, గింజల బదులు నగదు జీతం రావాలి అన్నది ఆయన వాదన. గింజలు ఆసామి చేతిలో ఉన్నంతకాలం తల ఎత్తినరోజే గింజలు ఆగిపోతాయని ఆయనకు తెలుసు. మనకూ తెలుసు.

కాదనే హక్కు లేనిచోట రేటు లేదు

కొట్టనని చెప్పే వీలు లేనివాడికి రేటు ఎంత రాసినా అది ఎదుటివాడి దయే. కాబట్టి రేటు కంటే ముందు కాదనే హక్కు రావాలి. ఈ హక్కు చట్టంలో ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమే అంది. కర్ర పట్టుకుని బెదిరిస్తేనే బలవంతం కాదు, ఆకలి వల్ల ఒప్పుకున్నా బలవంతమే అని చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వెట్టిని నేరం చేసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరాల జాబితాలోకి వచ్చింది. అంటే చావుకు కొట్టం అన్నందుకు కిరాణం బంద్ చేసినా, పొలం పనికి పిలవొద్దని చాటింపు వేసినా కేసు అవుతుంది. చట్టం ఉన్నంత మాత్రాన ఊరు మారదు, నిజమే. కానీ చట్టం తెలిసినవాడు "కొట్టను" అనడానికీ, తెలియనివాడు అనడానికీ గొంతులో తేడా ఉంటుంది.

లెక్క ఎట్లా కట్టాలి

డప్పు కొట్టే పని మోగినంతసేపే అనుకుంటారు జనం. మోత వెనక ఉన్న పని చూద్దాం. తోలు సరిచూసుకోవాలి. గడ్డిమంట వేసి కాచి శ్రుతికి తేవాలి, మెత్తబడితే మధ్యలో మళ్లీ కాచాలి. వానొస్తే ఇంకా కష్టం. సిర్ర, సిటికెన పుల్ల, గజ్జెలు, బట్టలు చూసుకోవాలి. చావుకో తీరు, పెళ్లికో తీరు, జాతరకో తీరు దెబ్బ ఉంటుంది. అవన్నీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. గంటల తరబడి బరువు మోస్తూ, ఆడుతూ, నడుస్తూ కొట్టాలి. భుజం, మణికట్టు, చెవి అరిగిపోతాయి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు. ఆ నెలల్లోనూ తిండి తినాలి.

2025-26లో ఉపాధి హామీ పనికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. అది నైపుణ్యం లేని పనికి కట్టిన కూలి. డప్పు నేర్చిన పని. కాబట్టి మీ ఊళ్లో తాపీమేస్త్రీ రోజు కూలి ఎంతో దాన్ని పునాదిగా పెట్టుకోండి. ఉదాహరణకు మేస్త్రీ కూలి 8 గంటలకు 900 రూపాయలనుకుందాం. (ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి.)

దళంలో ఎనిమిదిమంది. మధ్యాహ్నం 2 గంటలకు ఇల్లు వదిలి, రాత్రి 2 గంటలకు ఇల్లు చేరారు. మోగించింది 4 గంటలే కావచ్చు, పోయింది 12 గంటలు. లెక్క ఇల్లు వదిలినప్పటి నుంచే మొదలవుతుంది. మొదటి 8 గంటలకు 900. మిగతా 4 గంటలు అదనపు పని. అదనపు పనికి రెట్టింపు అన్నది కార్మికులు కొట్లాడి సాధించుకున్న సూత్రం, దాన్నే మనమూ తీసుకుందాం. గంటకు 225 చొప్పున 4 గంటలకు మరో 900. మొత్తం 1,800. సాధన చేసిన రోజులకు, పనిలేని నెలలకు ఇందులో నాలుగోవంతు కలపాలి: 450. డప్పు అరుగుదలకు 100. పుల్లలు, గజ్జెలు, బట్టలకు 50. మనిషికి 2,400 అవుతుంది. ఎనిమిదిమందికి 19,200. బండి కిరాయి 2,000. ఫోన్లు మాట్లాడి, అందరినీ కూడగట్టినవాడి శ్రమకు 800. మొత్తం 22,000 రూపాయలు.

ఈ అంకె విని "అమ్మో, డప్పులకు ఇంతనా!" అంటారు. అప్పుడు పై లెక్క వరసగా చెప్పండి. ఇందులో ఏది తీసేద్దామో వాళ్లనే చెప్పమనండి. బండి తీసేద్దామా? అదనపు గంటలు తీసేద్దామా? అయితే 10 గంటలకల్లా పంపేయండి. గాలిలోంచి తీసిన అంకెను సగానికి కొయ్యడం తేలిక. లెక్క ఉన్న అంకెను కొయ్యాలంటే కారణం చెప్పాలి.

మాట కాగితం మీద పెట్టాలి

చిన్న కాగితం చాలు, ఫోన్లో మెసేజైనా చాలు. తేదీ, ఊరు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎంతమంది, ఎంత రేటు, గంట ఎక్కువైతే ఎంత, బండి ఎవరిది, తిండీ నీళ్లూ ఎక్కడ. మూడోవంతు బయానా ముందే తీసుకోవాలి. మిగతాది ఊరేగింపు కదలకముందే చేతికి రావాలి. పెళ్లి ఆగిపోతే బయానా తిరిగి ఇవ్వమని కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఆ తేదీకి ఇంకో పని వదులుకున్నాం. మందు పోయించడం కూలిలో భాగం కాదు. సీసా ఇచ్చి డబ్బు తగ్గించడం పాత ఎత్తు. అందరూ తిన్నాక మిగిలింది పెట్టడం కూడా కూలిలోకి రాదు. అతిథులు తినేచోటే, తినే వేళకే అన్నది ఒప్పందంలో ఉండాలి.

దళం లోపలి లెక్క కూడా తెరిచే ఉండాలి. ముందు నడిచేవాడికి ఎంత, నేర్చుకుంటున్న పిల్లగాడికి ఎంత అన్నది బయల్దేరకముందే అందరికీ తెలియాలి. ఇవాళ ఆడవాళ్లూ డప్పు పట్టుకున్నారు. ఒకే దెబ్బకు ఒకే కూలి. ఊరి దొర మనకు చేసింది మనం మన ఆడవాళ్లకు చేయకూడదు.

చావింటి సంగతి

రేటు మాట్లాడటం అన్నిటికంటే కష్టమైనది చావు దగ్గర. "శవం ఇంట్లో పెట్టుకుని బేరమాడతార్రా?" అనే మాట గుండెకు తగులుతుంది. కానీ ఆ ఇంట్లోనే పాడె సామాను కొన్నారు, బండి మాట్లాడారు, పురోహితుడికి ఇచ్చారు. ఎవరినీ బేరమాడుతున్నావని అనలేదు. అందుకే చావుకు రేటు చావు రోజు పెట్టకూడదు. మామూలు రోజుల్లోనే ఊరందరికీ తెలిసేలా పెట్టాలి. కొట్టం అనుకున్న దళం అదీ ముందే చెప్పాలి.

మరి మనవాడలో పెద్దముసలమ్మ పోతే? అక్కడ మనం బంధువులుగా కొడతాం, రేటుండదు. ఆ ఇంటివాళ్లు రేపు మనింటి చావుకు వచ్చి కొడతారు, మోస్తారు. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఊరి పెద్దింటి చావుకు కొడితే వాళ్లొచ్చి మనింటి పాడె మోస్తారా? మొయ్యరు. ఈ ఒక్క ప్రశ్నతో ఎక్కడ ప్రేమతో కొట్టాలో, ఎక్కడ కూలి అడగాలో తేలిపోతుంది.

పక్క ఊరి దళం

"మేం 22,000 అంటే పక్క ఊరోళ్లు 10,000కే ఒప్పుకుంటున్నరు" అనే బాధ ప్రతి దళం చెబుతుంది. పక్క ఊరివాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల పొయ్యీ మన పొయ్యిలాగే ఆరిపోయి ఉంటుంది. ఒక మండలంలోని దళాలన్నీ పెళ్లిళ్ల కాలం రాకముందే ఒకచోట కూర్చుని ఒక అడుగు రేటు పెట్టుకోవాలి. దానికి పైన ఎవరి పేరును బట్టి వాళ్లు అడగొచ్చు. కిందికి మాత్రం ఎవరూ దిగకూడదు. ఒక ఊరు కూలి ఎగ్గొడితే ఆ ఊరికి మిగతా దళాలేవీ పోకూడదు. కల్లుగీత, హమాలీ కార్మికులు సంఘం కట్టుకున్నట్టే ఇదీను.

ప్రభుత్వం ఇచ్చేవి వద్దనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. అది వయసు మళ్లినవాళ్లకు ఆసరా. పింఛన్, బిరుదు, శాలువా ఇవేవీ పనికి రేటు కాలేవు. కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి కూలీగా పోతున్నారని పత్రికలు రాశాయి. దేశం గౌరవించిన చెయ్యి కూడా ఇటుకలు మోయక తప్పలేదు. గౌరవం ఒకసారి దొరుకుతుంది, పని ఏడాదంతా దొరకాలి, దానికి కూలి దొరకాలి.

మన సభల సంగతి

ఇంతదాకా ఊరి పెద్దలను అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. కొన్నేళ్ల కిందట ఒక యూనివర్సిటీలో అంబేద్కర్ జయంతి సభకు మేం కూడా నిర్వాహకులుగా ఉన్నాం. ఉపన్యాసకులకు రైలు ఛార్జీలు, శాలువాలు, కవరు. గేటు నుంచి వేదికదాకా ఎండలో కొట్టుకుంటూ వచ్చిన డప్పు దళానికి బిర్యానీ పొట్లాలు, బస్సు ఛార్జీలు. దళంలో పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "సారూ, ఇయ్యాల్టి కూలి పోయింది, ఇంట్ల ఏం జెప్పాలె?" అన్నాడు. మా నాయన ఎన్నడూ అడగలేకపోయిన ప్రశ్నను ఆయన మమ్మల్ని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. "ఉద్యమం గదా, పెద్దనాయనా" అని నసిగాం. దొర "మనోళ్లే గదరా" అన్నాడు, మేం "ఉద్యమం గదా" అన్నాం. ఆయన ఇంటికి రెండు మాటలూ ఒక్కటే.

కాబట్టి ఈ పత్రిక చదివే టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు మా మాట ఇది. మీ సభ ఖర్చుల కాగితంలో డప్పు దళం కూలిని మైకు కంటే పైన రాయండి. డబ్బు లేకపోతే శాలువాలు మానేయండి, ఒక ఉపన్యాసకుణ్ణి తగ్గించండి, మేమైనా సరే. ఉద్యమం కోసం ఊరికే కొడతామని దళమే అంటే అది వాళ్ల విరాళం. రసీదు రాసి, వేదిక మీద చదవండి. విరాళం ఇచ్చే స్తోమత ఉందో లేదో వాళ్లే చెప్పాలి, మనం కాదు.

ఈ పై లెక్కను మీ ఊరి అంకెలతో ఒక కాగితం మీద వేసి, మీ వాడలో దళం దగ్గర కూర్చుని చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. మేమూ మా నాయన దగ్గర కూర్చుని వేశాం. ఆయన చాలాసేపు చూసి, "కాచేటందుకు గడ్డి ఖర్చు రాయలే" అన్నాడు. నలభై ఏళ్లు "ఎంతిస్తే అంత" అన్న మనిషికి ప్రతి పైసా లెక్కా తెలుసు. అడిగినవాళ్లే లేరు.