ఆ గొడవప్పుడు పిల్లలెక్కడున్నారు?

మాది నెల్లూరు జిల్లా. మహిళా సంఘాల మండల సమాఖ్యలో, సాంఘిక కార్యాచరణ కమిటీలో పనిచేస్తాను. భర్త కొడుతున్నాడని వచ్చే ఆడవాళ్ళ గోడు వినడం, అవతలివాళ్ళను పిలిపించి మాట్లాడటం, మాటలతో తెమలకపోతే స్టేషన్‌కో కోర్టుకో తోడు వెళ్ళడం మా పని. ఎవరొచ్చినా నేను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఆ గొడవప్పుడు పిల్లలెక్కడున్నారమ్మా?"

"నిద్రపోతున్నారక్కా" అంటారు చాలామంది. ఒంటిగది ఇంట్లో గిన్నెలు ఎగిరిపడుతుంటే ఏ బిడ్డ నిద్రపోతాడు? కళ్ళు మూసుకుని పడుకుంటాడు, అంతే.

ఈమధ్య ఒకామె ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల భుజం కమిలిపోయి ఉంది. "దీన్ని ఏమీ అనడక్కా, ఇదంటే ఆయనకు ప్రాణం" అంది. ఆమె మీదికి విసిరిన చెంబు పిల్లకు తగిలింది. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. రాత్రిళ్ళు చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటాడట. ఎందుకురా అంటే, "చీకట్లో పరిగెత్తితే ముళ్ళు గుచ్చుకుంటాయి" అన్నాడు. గొడవ మొదలవగానే పక్క వీధికి పోయి అమ్మమ్మను పిలుచుకురావడం వాడి పని.

ఆమే ఇంకో సంగతి చెప్పింది. భర్త తాగి వచ్చే వేళకు పిల్లాడు అల్లరి చేస్తుంటే, ఆయన చెయ్యెత్తేలోపే తనే రెండు వేస్తుందట. "ఆయన మొదలుపెడితే ఆపడు, నేనైతే చూసి కొడతా కదక్కా." దెబ్బ దెబ్బే, అది ఆమెకూ చెప్పాను. కానీ ఆ తల్లిని తిట్టి పంపితే ఇంకెవరి దగ్గరా నోరు విప్పదు. ఆమె భయం తీరితేనే ఆ చెయ్యీ ఆగుతుంది. తల్లి కేసు వేరు, బిడ్డ కేసు వేరు అని విడగొట్టి చూసినంతకాలం మనం ఎవరినీ కాపాడలేం.

1990లలో అమెరికాలోని శాన్‌డియాగోలో ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ చిన్నతనం గురించి అడిగారు. బిడ్డ తిన్న దెబ్బలతో పాటు, తల్లి తిన్న దెబ్బలనూ ఆ బిడ్డ కష్టాల్లోనే లెక్కవేశారు. అలాంటి కష్టాలు ఎక్కువైనకొద్దీ పెద్దయ్యాక తాగుడు, కుంగుబాటు, గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త హింసకు గురైనవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. ఆ ఇళ్ళలోని పిల్లల్ని మీరే ఊహించుకోండి.

అయినా పంచాయితీలో పెద్దమనుషులు చెప్పేది ఒకటే: "పిల్లల మొహం చూసి సర్దుకో తల్లీ." ఆ పిల్లల మొహం నిజంగా చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. పదిమంది మధ్యలో పిల్లాణ్ణి నిలబెట్టి, "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడగడం ఇంకా ఘోరం. మా కమిటీలో అది మాన్పించాం. పిల్లలతో విడిగా, తెలిసినవాళ్ళే మాట్లాడతారు.

2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ పిల్లల్ని తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, వాళ్ళ ఖర్చులు ఇప్పించవచ్చు. కొట్టేవాణ్ణే ఇంట్లోంచి బయటికి పొమ్మనవచ్చు. చెంబు తగిలిన ఆ పిల్ల ఇంట్లో జరిగింది అదే. తల్లీపిల్లలు వాళ్ళింట్లోనే ఉన్నారు, పిల్లాడి బడి మారలేదు.

ఊరు కదిలితే ఏమవుతుందో మా జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. కూలిడబ్బులు సారాకు పోవడం, పిల్లలు పస్తుండటం, రాత్రి దెబ్బలు, అన్నిటికీ కలిపి ఒకే పోరాటం చేశారు. మరుసటేడు సారా నిషేధం వచ్చింది.

ఇప్పుడు అంత ఉద్యమం అక్కర్లేదు. అరుపులు వినబడితే వెళ్ళి తలుపు కొట్టండి. చక్కెర కావాలనో, కరెంటు ఉందా అనో అడగండి. 2008లో 'బెల్ బజావో' (బెల్ కొట్టండి) ప్రచారం దేశమంతా చెప్పింది అదే. రాత్రివేళ ఆ పిల్లలు పరిగెత్తుకొస్తే తలుపు తీయండి. వెళ్ళడానికి భయమైతే మహిళలకు 181, పిల్లలకు 1098, ప్రాణం మీదికొస్తే 112. గృహహింస జరుగుతోందని మంచి ఉద్దేశంతో రక్షణాధికారికి చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదని చట్టంలోనే రాసి ఉంది. మనకెందుకులే అనుకోకండి, ఫోన్ చేయండి.