కోడి పేగు కణజాల నమూనాల తయారీ

కోడి పేగు నుండి చిన్న ముక్కను సేకరించి, అది చెడిపోకుండా నిలిపి, మైనంలో పొదిగి, అతి పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించుటకు సిద్ధం చేసే ప్రక్రియను కోడి పేగు కణజాల నమూనాల తయారీ అంటారు. ఇది కణజాల శాస్త్రానికి, పశువైద్య రోగనిర్ధారణ శాస్త్రానికి చెందిన ప్రయోగ విధానం. కోళ్ళ వ్యాధులను గుర్తించుటకు, మేతలో చేసిన మార్పుల ప్రభావాన్ని అంచనా వేయుటకు, పశువైద్య విద్యార్థుల బోధనకు దీనిని ఉపయోగిస్తారు. ఈ ప్రక్రియలో పలు దశలున్నా, ఫలితం చాలావరకు మొదటి దశలోనే, అనగా కోడి మరణించిన తరువాతి కొద్ది నిమిషాలలోనే తేలిపోతుంది.

ఆవశ్యకత

వేల కోళ్ళున్న షెడ్డులో కొన్ని కోళ్ళు మేత మానివేసి, నీళ్ళ విరేచనాలతో చనిపోతుంటే కారణాలు అనేకం కావచ్చు. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవుల వలన కలిగే కాక్సీడియోసిస్ (దీనినే రైతులు రక్తపారుడు అంటారు), క్లాస్ట్రీడియమ్ పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా వలన పేగు లోపలి పొర కుళ్ళిపోవడం, వైరస్ వలన వచ్చే కొక్కెర తెగులు వంటివి వాటిలో ముఖ్యమైనవి. వీటి చికిత్సలు, నివారణ పద్ధతులు వేరువేరు. వైరస్ వ్యాధికి యాంటీబయాటిక్ మందు పనిచేయదు. కారణం తెలియకుండా మందు వాడితే రైతుకు నష్టమే కాక, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం కూడా ఉంది. ఈ ప్రమాదం దృష్ట్యానే 2019 జూలైలో భారత ప్రభుత్వం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి పెంచే పశుపక్ష్యాదులలో వాడడాన్ని నిషేధించింది.

అయితే ప్రతి సందర్భంలోనూ ఈ సుదీర్ఘ ప్రక్రియ అవసరం లేదు. కాక్సీడియోసిస్ అనుమానమున్నప్పుడు తాజా పేగు లోపలి పొరను కొద్దిగా గీకి, గాజు పలకపై ఒక చుక్క సెలైన్‌లో కలిపి చూస్తే పరాన్నజీవి ఊసిస్టులు కొద్ది నిమిషాలలోనే కనిపించవచ్చు. కణజాలం ఏ మేరకు దెబ్బతిన్నది, ఏ పొర వరకు దెబ్బతిన్నది, ఒకటికి మించిన వ్యాధులు కలిసి ఉన్నాయా అన్నది తెలియాలంటే మాత్రం పేగు కోతను పరిశీలించవలసిందే.

పేగు నిర్మాణం

నమూనా ఎక్కడినుండి తీసుకొన్నారో తెలియకపోతే దానిలో కనిపించినదానికి అర్థం చెప్పడం కష్టం. కాబట్టి పేగు భాగాలను గుర్తించడం మొదటి మెట్టు.

కందనకాయ నుండి వెలువడిన పేగు మొదట U ఆకారంలో వంపు తిరుగుతుంది. ఇది ఆంత్రమూలం. ఈ వంపు మధ్యలో లేత రంగు క్లోమం ఇమిడి ఉంటుంది. ఆ తరువాతి పొడవైన భాగం జెజునం. జెజునం ముగిసేచోట పేగు వెలుపల చిన్న మొలక వంటి నిర్మాణం కనిపిస్తుంది. దీనిని మెకెల్ డైవర్టిక్యులం అంటారు. పిల్ల గుడ్డులో ఉన్నప్పుడు పచ్చసొన సంచి పేగుకు అతుక్కొని ఉండిన చోటు ఇదే. ఇక్కడి నుండి శేషాంత్రం మొదలవుతుంది. శేషాంత్రానికి ఇరువైపులా రెండు అంధనాళాలు ఉంటాయి. వాటి మొదలులో టాన్సిల్ వంటి లసికా కణజాలం ఉంటుంది. తరువాత పొట్టి పెద్దపేగు, చివర అవస్కరం ఉంటాయి.

పేగు గోడలో లోపలి నుండి వెలుపలికి శ్లేష్మస్తరం, అధఃశ్లేష్మస్తరం, కండర స్తరం, సీరస్ పొర అనే నాలుగు పొరలు ఉంటాయి. కోళ్ళలో అధఃశ్లేష్మస్తరం చాలా పలుచగా ఉంటుంది. క్షీరదాల ఆంత్రమూలంలో కనిపించే బ్రన్నర్ గ్రంథులు కోళ్ళలో ఉండవు. శ్లేష్మస్తరం నుండి వేళ్ళవలె లోపలికి పొడుచుకొని వచ్చినవి ఆంత్రచూషకాలు. వాటి మొదళ్ళలో లీబర్‌కున్ గుహికలు ఉంటాయి. గుహికలలో పుట్టిన కొత్త కణాలు చూషకం కొనవైపు జరుగుతూ పోయి, చివరకు రాలిపోతాయి.

నమూనా సేకరణ

పేగులో జీర్ణక్రియ కొరకు ఎంజైములు, అసంఖ్యాకమైన బాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. ప్రాణమున్నంతవరకు పేగు తనను తాను కాపాడుకొంటుంది. రక్తప్రసరణ ఆగగానే ఆ రక్షణ పోయి, పేగు తనను తానే జీర్ణించుకోవడం మొదలుపెడుతుంది. దీనిని స్వయంవిచ్ఛిత్తి అంటారు. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఈ వేడి వలన స్వయంవిచ్ఛిత్తి మరింత త్వరగా సాగుతుంది. మొదట దెబ్బతినేది చూషకాల కొనలలోని ఉపకళ. కొద్ది నిమిషాలలోనే ఇది ఊడి రావడం మొదలవుతుంది. అందువలన రాత్రి చనిపోయి ఉదయం కనిపించిన కోడి పేగు ఈ పరీక్షకు దాదాపు పనికిరాదు. వ్యాధి లక్షణాలున్న కోడిని పశువైద్యుడు నొప్పి తెలియని పద్ధతిలో చంపి, వెంటనే సేకరించిన నమూనాయే శ్రేష్ఠం. ఇతర అవయవాల కన్నా ముందు పేగు నమూనాలను తీయడం మంచి అలవాటు.

సేకరణలో పాటించవలసిన విషయాలు:

* సీసాలను ముందుగానే ఫార్మాలిన్‌తో నింపి, చీటీలు అంటించి సిద్ధంగా ఉంచుకోవాలి. కోడిని కోసిన తరువాత సీసాల కొరకు వెదకరాదు.
* ప్రతి కోడిలో ఒకే స్థానాల నుండి ముక్కలు తీయాలి. ఆంత్రమూలం వంపు కొన, ఆంత్రమూలం చివరకు మెకెల్ డైవర్టిక్యులంకు నడిమి భాగం, డైవర్టిక్యులంకు అంధనాళాల మొదలుకు నడిమి భాగం, అంధనాళం మధ్యభాగం అనుకూలమైన స్థానాలు. వీటితోపాటు మచ్చలు, వాపు, రక్తస్రావం కనిపించిన చోట్ల నుండి కూడా తీయాలి.
* ముక్క పొడవు 1 నుండి 2 సెంటీమీటర్లు చాలు. పదునైన కత్తెరతో ఒకేసారి కత్తిరించాలి.
* పట్టకారుతో ముక్క అంచును మాత్రమే పట్టుకోవాలి. మధ్యలో నొక్కితే చూషకాలు నలిగిపోతాయి.
* లోపలి పదార్థాన్ని సిరంజితో సెలైన్ లేదా ఫార్మాలిన్ మెల్లగా పంపి కడగాలి. వేలితో గాని కత్తితో గాని గీకరాదు. కుళాయి నీటి ధార క్రింద పెట్టరాదు.
* పేగును నిలువుగా చీల్చి పరిశీలించవలసి వస్తే, వెలుపలి వైపు అట్టకు ఆనేటట్లు పరచి ఫార్మాలిన్‌లో ఉంచాలి. లేకపోతే అది చుట్టుకుపోతుంది.

స్థిరీకరణ

కణజాలాన్ని ఉన్నది ఉన్నట్లుగా నిలిపివేయడమే స్థిరీకరణ. ఫార్మాల్డిహైడ్ మాంసకృత్తుల మధ్య వంతెనల వంటి బంధాలను ఏర్పరచి వాటిని కదలకుండా చేస్తుంది. దీనితో ఎంజైముల పని, బాక్టీరియా పెరుగుదల ఆగిపోతాయి. ఫార్మాల్డిహైడ్‌కు కణజాలాన్ని గట్టిపరచే గుణం ఉన్నదని 1893లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించాడు.

సాధారణంగా వాడేది 10 శాతం తటస్థ ఫార్మాలిన్. బజారులో దొరికే ఫార్మాలిన్ 100 మిల్లీలీటర్లు, స్వేదనజలం 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు కలిపి దీనిని తయారు చేస్తారు. ఇక్కడ విద్యార్థులు ఒక విషయంలో తరచు పొరబడతారు. బజారులోని ఫార్మాలిన్‌లో ఫార్మాల్డిహైడ్ ఉండేది 37 నుండి 40 శాతమే. కనుక 10 శాతం ఫార్మాలిన్‌లో అసలు ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతం మాత్రమే. ఫాస్ఫేట్ లవణాలు కలపకపోతే ద్రవం క్రమంగా ఆమ్లత్వం పొంది, రక్తంతో చర్య జరిపి, కణజాలంలో గోధుమ–నలుపు రంగు రేణువులను మిగుల్చుతుంది.

ఫార్మాలిన్ పరిమాణం ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లుండాలి. అది కణజాలంలోకి గంటకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే చొచ్చుకుపోతుంది. అందువలన మొత్తం పేగును చుట్టచుట్టి ఒకే సీసాలో వేస్తే వెలుపలి పొర నిలుస్తుంది గాని లోపలి భాగం కుళ్ళిపోతుంది. గది ఉష్ణోగ్రతలో 24 నుండి 48 గంటలు ఉంచితే చాలు. నమూనాను గడ్డకట్టించరాదు. మంచు స్ఫటికాలు కణాలను చీల్చివేస్తాయి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి. మెత్తగా ఉన్నప్పుడు సన్నని మూతి గుండా లోపలికి వెళ్ళిన ముక్క గట్టిపడిన తరువాత బయటకు రాదు.

ఫార్మాలిన్‌లో వేసిన ముక్క నుండి బాక్టీరియాను పెంచడం గాని, వైరస్‌ను వేరుచేయడం గాని సాధ్యం కాదు. ఆ పరీక్షలకు వేరే ముక్కలను ఫార్మాలిన్ తగలకుండా మంచు మధ్య ఉంచి పంపాలి.

నిర్జలీకరణ, మైనంలో పొదగడం

మెత్తని పేగును పలుచగా కోయాలంటే దానికి లోపలినుండి గట్టి ఆధారం కావాలి. ఆ ఆధారం పారఫిన్ మైనం. అయితే కణజాలంలోని నీరు మైనంతో కలవదు. కనుక ముక్కలను 70, 80, 95, 100 శాతం ఆల్కహాల్‌లో వరుసగా ఉంచి నీటిని తొలగిస్తారు. ఒకేసారి గాఢ ఆల్కహాల్‌లో వేస్తే కణజాలం ముడుచుకొనిపోతుంది. ఆల్కహాల్ కూడా మైనంతో కలవదు కాబట్టి, రెండింటితోనూ కలిసే జైలీన్‌లో ఉంచుతారు. ఈ దశలో ముక్క పారదర్శకంగా కనిపిస్తుంది. తరువాత సుమారు 60 డిగ్రీల వద్ద కరిగించిన మైనంలో ఉంచితే అది కణజాలమంతటా నిండుతుంది.

చివరకు ముక్కను అచ్చులో పెట్టి మైనం పోసి చల్లార్చి దిమ్మగా చేస్తారు. ముక్కను పెట్టే దిశ చాలా ముఖ్యం. పేగు గొట్టాన్ని నిలబెట్టి పొదిగితేనే అడ్డుకోతలో చూషకాలు కొన నుండి మొదలు వరకు పూర్తిగా కనిపిస్తాయి. గొట్టం ఏటవాలుగా ఉంటే చూషకాలు ముక్కలై, విడివిడి దీవులవలె కనిపిస్తాయి.

కోత

మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే యంత్రంతో 4 లేదా 5 మైక్రోమీటర్ల మందంతో కోస్తారు. ఒక మిల్లీమీటరులో 200వ వంతు 5 మైక్రోమీటర్లు. కోతకు ముందు దిమ్మను మంచుపై చల్లబరిస్తే పని సులభమవుతుంది. కోతలు ఒకదానికొకటి అంటుకొని రిబ్బనువలె వస్తాయి. వీటిని 40 నుండి 45 డిగ్రీల గోరువెచ్చని నీటిపై తేల్చితే ముడతలు విడిపోతాయి. అప్పుడు గాజు పలకపైకి ఎత్తి ఆరబెడతారు. పలకపై, దిమ్మపై గుర్తులను పెన్సిలుతోనే వ్రాయాలి. సాధారణ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

రంగులద్దడం

రంగు లేని కోతలో కణ భాగాలను వేరుగా గుర్తించడం కష్టం. మైనాన్ని జైలీన్‌తో తొలగించి, ఆల్కహాల్ గాఢతను క్రమంగా తగ్గిస్తూ తిరిగి నీటిలోకి తెచ్చి రంగులద్దుతారు. అత్యధికంగా వాడేవి హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగుల జంట. హిమటాక్సిలిన్‌ను మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఒక చెట్టు చేవ నుండి తీస్తారు. ఇది కేంద్రకాలకు నీలి రంగునిస్తుంది. ఇయోసిన్ కణద్రవ్యానికి, కండరాలకు గులాబి రంగునిస్తుంది. గ్రీకు భాషలో ఉషస్సుకు గల పేరు నుండి దీనికి ఈ పేరు వచ్చింది. రంగులద్దిన తరువాత మళ్ళీ నీటిని తొలగించి, జైలీన్‌లో ముంచి, జిగురు వేసి కవర్ స్లిప్ మూస్తారు.

శ్లేష్మాన్ని స్రవించే గాబ్లెట్ కణాలను లెక్కించుటకు ఆల్షియన్ బ్లూ వంటి ప్రత్యేక రంగులను, బాక్టీరియాను చూచుటకు గ్రామ్ పద్ధతిని వాడతారు.

పరిశీలన

మొదట తక్కువ వృద్ధీకరణలో కోత మొత్తాన్ని చూచి, తరువాతనే ఎక్కువ వృద్ధీకరణకు వెళ్ళాలి. మేత ప్రయోగాలలో చూషకం ఎత్తును, గుహిక లోతును కొలిచి వాటి నిష్పత్తిని లెక్కిస్తారు. చూషకాలు పొడవుగా ఉంటే పోషకాలను పీల్చుకొనే వైశాల్యం ఎక్కువ. చూషకాలు పొట్టిగా, గుహికలు లోతుగా ఉంటే, దెబ్బతిన్న కణాల స్థానంలో కొత్తవాటిని పుట్టించుటకు పేగు శ్రమపడుతున్నదని భావిస్తారు. కొన నుండి మొదలు వరకు చక్కగా తెగిన చూషకాలనే కొలవాలి.

ఐమీరియా జాతులు పేగులో తమకు అనువైన చోటును ఎంచుకొంటాయి. ఐమీరియా అసర్వులినా ప్రధానంగా ఆంత్రమూలంలోను, ఐమీరియా మాక్సిమా పేగు నడిమి భాగంలోను, ఐమీరియా టెనెల్లా అంధనాళాలలోను కనిపిస్తాయి. అందువలననే నమూనా స్థానాన్ని చీటీపై వ్రాయడం తప్పనిసరి.

అన్నింటికన్నా కష్టమైనది వ్యాధి వలన కలిగిన నాశనాన్ని, మరణానంతరం జరిగిన స్వయంవిచ్ఛిత్తిని వేరుచేసి గుర్తించడం. రెండింటిలోనూ ఉపకళ ఊడిపోయి కనిపిస్తుంది. బ్రతికి ఉండగా జరిగిన హానికి శరీరం స్పందిస్తుంది. హెటిరోఫిల్ వంటి తెల్ల రక్తకణాలు అక్కడ గుమికూడతాయి, రక్తనాళాలు ఉబ్బుతాయి, రక్తస్రావం ఉండవచ్చు. మరణానంతర మార్పులో ఇటువంటి స్పందన ఏదీ ఉండదు. కేంద్రకాలు వెలవెలబోయి, శ్లేష్మస్తరమంతా ఇంచుమించు ఒకే తీరుగా చెదిరి ఉంటుంది. ఆలస్యంగా తీసిన నమూనాలో ఈ తేడా కూడా చెరిగిపోతుంది. అప్పుడు ఎంత మంచి సూక్ష్మదర్శిని ఉన్నా, ఎంత అనుభవజ్ఞుడు చూచినా జవాబు దొరకదు.

జాగ్రత్తలు

ఫార్మాల్డిహైడ్ మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. జైలీన్, ఆల్కహాల్ త్వరగా మండే ద్రవాలు. గాలి ధారాళంగా ఆడే చోట చేతితొడుగులు, కళ్ళద్దాలు ధరించి పనిచేయాలి. వాడిన ద్రావణాలను మురుగు కాలువలో పోయరాదు.

ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో కోళ్ళు చనిపోతే బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉన్నందున, వాటిని ఫారంలో కోయకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. భారతదేశంలో ఈ వ్యాధి కోళ్ళలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలలో కూడా కనిపించింది. అటువంటి నమూనాలను శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే సేకరిస్తారు. వాటి నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో జరుగుతుంది.

ఇవి కూడా చూడండి

* కోడి
* కోళ్ళ పరిశ్రమ
* జీర్ణ వ్యవస్థ
* కణజాల శాస్త్రం
* సూక్ష్మదర్శిని