గొట్టం లోపలికి పోయింది సరే, కడుపులో పడిందా?

మన బంగారు గనులలో పనిచేసిన పెద్దలకు ఒక నియమం బాగా తెలుసు. మనుషులను గనిలోకి దింపే కేజ్ తలుపు వేసినంత మాత్రాన కదలదు. గంట సంజ్ఞ అందాలి. అప్పుడే ఇంజను డ్రైవరు దానిని దింపుతాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆ నియమం మాత్రం రోగి ఉన్న ఇంట్లో నేటికీ అక్కరకు వస్తుంది. ఎట్లాగో చెబుతాను.

పక్షవాతం వల్లనో, గొంతు జబ్బు వల్లనో మింగలేని వారికి వైద్యులు పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, తిన్నగా జీర్ణకోశంలోకి ఒక గొట్టం అమర్చుతారు. వక్క, పొగాకు నమిలే అలవాటున్న మన కోలారు జిల్లాలో నోటి క్యాన్సరు రోగులకూ దీని అవసరం పడుతుంది. వెనుక దీనికి పొట్ట కోయవలసి వచ్చేది. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు ఎండోస్కోపు సాయంతో, పెద్ద కోత లేకుండా గొట్టం అమర్చే పద్ధతిని ప్రవేశపెట్టారు.

అయితే గొట్టం శాశ్వతం కాదు. చాలా గొట్టాలను లోపల ఒక నీటి బుడగ పట్టి ఉంచుతుంది. కొన్ని నెలలకు అది పాడవుతుంది. అప్పుడు గొట్టం ఊడి వస్తుంది.

ఆండర్సన్‌పేటలో ఒక ఇంట అర్ధరాత్రి ఇట్లా జరిగిందనుకోండి. రంధ్రం కొద్ది గంటలలోనే పూడిపోసాగుతుంది. కోలారు చూస్తే సుమారు 30 కిలోమీటర్లు. ఇంట్లో కొత్త గొట్టం సిద్ధంగా ఉంది. కొడుకు భయపడుతూనే దానిని తోస్తాడు. సులువుగానే పోతుంది. “అమ్మయ్య!” అనుకొని కోడలు పలుచని రాగి జావ తెస్తుంది. ప్రమాదమంతా ఈ క్షణంలోనే ఉంది.

ఎందుకంటారా? చర్మం నుంచి జీర్ణకోశం దాకా దారి గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. బలహీనులకు ఇంకా ఎక్కువ. ఆ దారి చీలితే గొట్టం మొన జీర్ణకోశంలో కాక, వెలుపల పేగుల చుట్టూ ఉండే చోట పడుతుంది. పైకి తేడా తెలియదు. అక్కడ జావ పోస్తే కడుపంతా వాచి, విషమెక్కి, ప్రాణం మీదికి వస్తుంది.

మరి తెలుసుకొనడం ఎట్లా? గొట్టం నుంచి సిరంజితో కొంచెం ద్రవం లాగి, అంకెలు గల పీహెచ్ కాగితంపై వేస్తారు. 5 గాని అంతకు తక్కువ గాని చూపితే అది జీర్ణకోశపు ఆమ్లమని గుర్తు. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో, అప్పుడే ఆహారం తీసుకున్నవారిలో ఈ అంకె పెరగవచ్చు. ద్రవం రాకపోయినా, అంకె ఎక్కువైనా, గొట్టం కష్టంగా దిగినా, రక్తం కనబడినా ఎక్స్‌రే తప్పదు. నీటిలో కరిగే మందును గొట్టంలోకి పంపి బొమ్మ తీస్తే, అది జీర్ణకోశంలో చేరిందో లేదో కనబడుతుంది. గాలి ఊది స్టెతస్కోపుతో గుడగుడ విన్నామని తృప్తిపడడం మాత్రం చాలదు. వెలుపల పడినా ఆ చప్పుడు వినిపించవచ్చు.

ఇంటివారు చేయవలసినది ఇంతే. మొదటిసారి గొట్టం వేసి నెలయినా కాకముందే ఊడితే తిరిగి తోయరాదు. రంధ్రంపై శుభ్రమైన గుడ్డ కప్పి, పాత గొట్టం వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తరువాతి కాలంలోనైతే, వైద్యులు నేర్పిన ఇంటివారు రంధ్రం పూడకుండా కొత్త గొట్టం ఉంచవచ్చు. కాని చోటు రూఢి అయ్యేదాకా నీళ్ళుగాని, మందుగాని, జావగాని పోయరాదు. పోసేటప్పుడు నొప్పి అంటే అక్కడితో ఆపి వైద్యుని చూడాలి.

ఆకలితో ఉన్న తల్లికి మరికొంతసేపు ఆహారం ఆపడం కన్నబిడ్డలకు కష్టమే. అయినా గంట మోగనిదే కేజ్ దించరాదు గదా!